మా గేటు ముందు మీ బండి!

మా వంటింటి గోడకి వేలాడే క్యాలెండరు చూస్తే చాలు, మా ఇంటి సంగతులన్నీ తెలిసిపోతాయి. పాలవాడు రాని రోజు దగ్గర చిన్న సున్నా. గ్యాస్ బండ మార్చిన రోజు దగ్గర ‘గ్యా’. సోమ, బుధ, శుక్రవారాల మీద ఎర్ర ఇంకుతో ‘డ’. అంటే నాన్నకి డయాలసిస్. ఇక మార్చి నెలాఖరు నుంచి మే దాకా అక్కడక్కడా నీలం ఇంకుతో ‘మ్యా’. అంటే మ్యాచ్! ఎర్ర ‘డ’, నీలం ‘మ్యా’ ఒకే గడిలో పడ్డాయంటే అమ్మ నిట్టూరుస్తుంది. “శుక్రవారం నాడే మల్ల మ్యాచ్ వచ్చిందే” అంటుంది... అమావాస్య నాడు ప్రయాణం పడ్డట్టు!

మాది హైదరాబాద్‌లో ఉప్పల్ స్టేడియానికి దగ్గర్లో, రామంతాపూర్ వైపు ఉన్న ఒక చిన్న కాలనీ. ‘అబ్బ, ఎంత అదృష్టవంతులో! ఇంట్లో కూర్చునే మ్యాచ్ చూడొచ్చు’ అంటుంటారు చుట్టాలు. చూడలేం. కానీ వినగలం. ఆ తేడా తెలియాలంటే మా డాబా ఎక్కాలి.

ముందు అరుపు... తర్వాత సిక్సర్

నాన్న ఇక్కడ ప్లాటు కొన్నది 1994లో. అప్పట్లో ఉప్పల్ అంటే ఊరవతల. ‘అంత దూరం ఎవరు పోతరు?’ అని మా మేనమామ ఎగతాళి చేశాడట. క్రికెట్ మ్యాచులన్నీ బషీర్‌బాగ్ పక్కన లాల్‌బహదూర్ స్టేడియంలో జరిగేవి. 1955లో న్యూజిలాండ్‌తో హైదరాబాద్‌కి మొదటి టెస్టు దక్కింది అక్కడే. 1999 నవంబరు 8న అదే న్యూజిలాండ్ మీద సచిన్ 186 నాటౌట్, ద్రావిడ్ 153 కొట్టిందీ అక్కడే. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. నాన్న ఆఫీసు నుంచి ఆలస్యంగా వచ్చి ‘అబిడ్స్ మొత్తం జామే’ అన్నాడు. ట్రాఫిక్ జామ్ అంటే అది వేరేవాళ్ళ వీధిలో ఉండేది అనుకున్నాను అప్పుడు.

తర్వాత స్టేడియం మా వైపే వచ్చేసింది. 2005 నవంబరు 16న ఉప్పల్‌లో తొలి అంతర్జాతీయ వన్డే. దక్షిణాఫ్రికాతో. నేను పదో తరగతి. కాలనీ మొత్తానికి పండగే! యువరాజ్ సెంచరీ కొట్టినా మనవాళ్ళు ఓడిపోయారు. అయినా మాకేం బాధ లేదు. మా ఏరియా పేరు టీవీలో వచ్చింది కదా, అది చాలు. రెండేళ్ళకి, 2007లో, ఉప్పల్ కూడా జీహెచ్ఎంసీలో కలిసిపోయింది. ఊరవతల అనుకున్నది ఊళ్ళోకి వచ్చేసింది.

మ్యాచ్ రోజు మా ఇంట్లో ఒక వింత జరుగుతుంది. స్టేడియంలో అరుపు ముందు మా డాబా మీదకి వస్తుంది. కొన్ని సెకన్ల తర్వాత హాల్లో టీవీలో సిక్సర్ పడుతుంది! టీవీ ప్రసారం శాటిలైట్ చుట్టూ తిరిగి వచ్చేసరికి ఆ మాత్రం ఆలస్యం తప్పదు. డాబా మీదున్నవాళ్ళు కిందికి వినబడేలా ‘సిక్స్’ అని అరిస్తే, కిందున్నవాళ్ళకి ఒళ్ళు మండేది. ‘చెప్పకురా, చూడనియ్యి’ అని ఒకటే గొడవ.

2009 నవంబరు 5 మాత్రం మర్చిపోలేను. ఆస్ట్రేలియా 350 కొట్టింది. సచిన్ ఒంటిచేత్తో లాక్కొస్తున్నాడు. నేను డాబా మీదున్నాను. హోరు హోరుగా ఉన్న స్టేడియం ఒక్కసారిగా మూగబోయింది. గబగబా మెట్లు దిగి వచ్చాను. టీవీలో సచిన్ ఇంకా ఆడుతూనే ఉన్నాడు! నాన్న ముందుకి వంగి కళ్ళార్పకుండా చూస్తున్నాడు. నేనేం మాట్లాడలేదు. ఆ రెండు మూడు సెకన్లు ఆయన్ని సంతోషంగా ఉండనిచ్చాను. సచిన్ 175 దగ్గర అవుటయ్యాడు. భారత్ మూడు పరుగుల తేడాతో ఓడిపోయింది.

లెక్క తేలని లెక్క

అలాంటి ఆనందాలతో పాటే బండ్లు కూడా వచ్చాయి. మొదట్లో అవి కూడా సంబరంగానే ఉండేవి. మా పక్క ఖాళీ ప్లాటులో కాలనీ పిల్లలు తాడు కట్టి బండికి ఇరవై రూపాయలు తీసుకునేవారు. ఆ డబ్బుతో వాళ్ళు బ్యాటు కొనుక్కునేవాళ్ళు. స్టేడియంలోకి హెల్మెట్లు రానివ్వరు కాబట్టి, బండి పెట్టిన కుర్రాళ్ళు మా గేటు దగ్గరికి వచ్చి, “ఆంటీ, జర హెల్మెట్ పెట్టుకుంటరా? మ్యాచ్ అయినంక తీస్కపోతం” అని అడిగేవారు. అమ్మ కాదనలేదు. ఒకటి రెండుతో మొదలై ఒక మ్యాచ్‌కి ముప్పై నాలుగు దాకా వెళ్ళింది. పాత క్యాలెండరు కాగితాలు చించి నంబర్లు రాసి, ఒక ముక్క హెల్మెట్‌లో, ఒక ముక్క వాళ్ళ చేతిలో పెట్టేది. బ్యాంకు లాకరు కూడా అంత పద్ధతిగా ఉండదు!

ఖాళీ ప్లాటులో అపార్ట్‌మెంటు వచ్చింది. చుట్టుపక్కల ప్లాట్లూ నిండిపోయాయి. బండ్లు మాత్రం తగ్గలేదు, కార్లయ్యాయి.

కాగితం మీద చిన్న లెక్క వేసి చూడండి. స్టేడియంలో దాదాపు 39 వేల మంది పడతారు. అందులో సగం మంది ఇద్దరికో టూవీలర్ చొప్పున వచ్చారనుకుందాం. అవే దాదాపు పదివేలు. మిగిలినవాళ్ళలో నాలుగోవంతు మంది నలుగురికో కారు చొప్పున వచ్చినా పన్నెండు వందల కార్లు పైమాటే. ఒక్క కారు నిలపడానికి రెండున్నర మీటర్ల వెడల్పు, అయిదు మీటర్ల పొడవు కావాలి. స్టేడియం చుట్టూ ఉన్న పార్కింగ్ స్థలాలు నిండాక మిగిలినవన్నీ ఎక్కడికి వెళ్తాయి? మా వీధుల్లోకే!

వేళ కూడా అలాంటిదే. ఐపీఎల్ రాత్రి మ్యాచ్ ఏడున్నరకి. అంటే జనం వచ్చేది అయిదు నుంచి ఏడున్నర మధ్య. ఊరంతా ఆఫీసుల నుంచి ఇళ్ళకి బయల్దేరేదీ సరిగ్గా అప్పుడే. ఒక పక్క వరంగల్ రోడ్డు, ఇంకో పక్క ఎల్బీనగర్, నాగోలు నుంచి వచ్చే రోడ్డు, మరో పక్క హబ్సిగూడ నుంచి వచ్చే రోడ్డు. అన్నీ ఉప్పల్ చౌరస్తాలోనే కలుస్తాయి. పోలీసులు పెద్ద బండ్లని ముందే దారి మళ్ళిస్తారు. అయినా మామూలు రోజుల్లోనే నిండుగా ఉండే చౌరస్తా అది. ఇంకో చిత్రం. వచ్చేటప్పుడు రెండున్నర గంటల్లో విడివిడిగా వచ్చిన జనం, పోయేటప్పుడు అరగంటలో ఒక్కసారే బయటపడతారు. అందుకే రాత్రి పదకొండున్నరకి మా వీధిలో హారన్లకి పసిపిల్లలు లేచి ఏడుస్తారు.

ఆ శుక్రవారం

నాన్నకి కిడ్నీలు పనిచేయడం మానేశాక ఈ లెక్కలన్నీ నాకు వేరేగా కనిపించడం మొదలుపెట్టాయి. డయాలసిస్ అంటే వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. అది అయ్యాక బీపీ పడిపోతుంది. కాళ్ళు తేలిపోతాయి. ఇంటికొచ్చి పడుకుంటే తప్ప మనిషి మనిషి కాడు. పైగా నీళ్ళ లెక్క. రోజంతటికీ లీటరు. అందులోనే చాయ్, మజ్జిగ, చారు, మందులు మింగే నీళ్ళు అన్నీ.

2024 ఏప్రిల్ 5. శుక్రవారం. చెన్నై జట్టు ఉప్పల్‌కి వచ్చిన రోజు. ధోనీని చూడటానికి ఊరు ఊరంతా పసుపు చొక్కాలు వేసుకుని కదిలింది. నాన్న డయాలసిస్ సాయంత్రం అయిదున్నరకి అయిపోయింది. ఆస్పత్రి నుంచి ఆటోలో మామూలుగా ఇరవై నిమిషాల దారి. ఆ రోజు గంటా పది నిమిషాలు పట్టింది. బారికేడ్ దగ్గర కానిస్టేబుల్‌కి ఆధార్ కార్డు మీద అడ్రసు చూపించాను. నాన్న చేతికున్న కట్టు చూసి, “పోనియ్యమ్మా” అని ఆయనే బారికేడ్ జరిపాడు. హమ్మయ్య అనుకున్నాను.

మా వీధి మలుపులో ఆటో ఆగిపోయింది. అటొక కారు, ఇటొక కారు, మధ్యలో రెండు వరసల బండ్లు. సైకిలు కూడా పట్టదు. మా ఇల్లు అక్కడి నుంచి నాలుగు వందల మీటర్లు ఉంటుంది. మామూలు మనిషికి అయిదు నిమిషాలు. నాన్న పది అడుగులు వేసి ఒక ఇంటి అరుగు మీద కూలబడిపోయాడు. ముఖమంతా చెమటలు. “నువ్వు పోయి తాళం తియ్యి, నేను మెల్లగ వస్త” అంటున్నాడు. ఎలా వదిలిపోను? అంబులెన్స్‌ని పిలిచినా అదెలా వస్తుంది? చుట్టూ ఇంతమంది జనం. అయినా అడవిలో ఉన్నట్టే అనిపించింది. ఆ క్షణంలో నాకు క్రికెట్ మీద, స్టేడియం మీద, ప్లాటు కొన్న నాన్న మీద కూడా కోపం వచ్చింది.

నలుగురు కుర్రాళ్ళు స్టేడియం వైపు పరుగులాంటి నడకతో పోతున్నారు. ముగ్గురివి పసుపు చొక్కాలు. ఒకరిది నారింజ రంగు. అందులో ఒకడు వెనక్కి తిరిగి చూశాడు. “ఏమైందక్కా?” అన్నాడు. చెప్పాను. వాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. టాస్ టైమైంది మరి! పక్కింటి వాళ్ళనడిగి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చారు. నాన్నని అందులో కూర్చోబెట్టి, తలా ఒక కాలు పట్టుకుని ఎత్తారు. బండ్ల మధ్య నుంచి, అద్దాలు తగలకుండా, పల్లకీ మోసినట్టు మోసుకొచ్చారు.

మా గేటు దగ్గరికి వచ్చేసరికి అక్కడ అడ్డంగా ఒక నల్ల బండి ఉంది. కుర్చీ లోపలికి పట్టదు. ‘ఎవడ్రా ఇట్ల పెట్టిండు’ అని ఒకడు తిట్టాడు. నారింజ చొక్కా కుర్రాడు కుర్చీ కాలు పక్కవాడికిచ్చి, జేబులోంచి తాళంచెవి తీశాడు. బండి పక్కకి జరిపాడు. తల ఎత్తలేదు.

“సారీ అంకుల్. అయిదు నిమిషాలు లేటయిందని...” అన్నాడు, నాన్నని మంచం మీద పడుకోబెట్టాక.

“మ్యాచ్ షురూ అయితది, పోండ్రి” అన్నాడు నాన్న కళ్ళు మూసుకునే.

ఎవరిదీ తప్పు?

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ కుర్రాడిని తిట్టుకుందామంటే నాన్నని మోసింది వాడే. పైగా నా సంగతేమిటి? అంతకు కొన్నేళ్ళ ముందు, ఒక కార్యక్రమం రాయడానికి బషీర్‌బాగ్ వెళ్ళినప్పుడు, ఆలస్యమైందని ఓ ఇంటి గేటు ముందు స్కూటీ పెట్టేశాను. వాకిట్లో ఉన్న పెద్దావిడ “ఇక్కడ పెట్టకమ్మా” అంది. “అయిదు నిమిషాలే ఆంటీ” అని వెళ్ళిపోయాను. తిరిగొచ్చేసరికి రెండు గంటలైంది. ఆవిడ అక్కడే కూర్చుని ఉంది. ఏమీ అనలేదు. ఆ ఇంట్లో ఎవరున్నారో, ఎవరు ఎక్కడికి పోవాల్సి ఉందో నేను అడగలేదు. ఇప్పటికీ తెలియదు.

గేటు ముందు బండి పెట్టేవాళ్ళు వేరే జాతి మనుషులేం కాదు. మనమే. టికెట్ కొనుక్కున్న రోజు మనకి మ్యాచే కనిపిస్తుంది, గేటు వెనక మనిషి కనిపించడు.

అలాగని ఓర్చుకుంటూ కూర్చోవాలా? అక్కర్లేదు. లండన్‌లో తొంభై వేల మంది పట్టే వెంబ్లీ స్టేడియం కూడా ఇళ్ళ మధ్యనే ఉంది. అక్కడ మ్యాచ్ రోజుల్లో చుట్టుపక్కల వీధుల్లో బండి నిలపాలంటే పర్మిట్ ఉండాలి. మనకి అంత లేకపోయినా మెట్రో ఉంది. 2017 నవంబరులో నాగోలు నుంచి రైళ్ళు మొదలయ్యాక ‘స్టేడియం’ పేరుతో ఏకంగా ఒక స్టేషనే వచ్చింది. మ్యాచ్ రాత్రుళ్ళు రైళ్ళు పొడిగించిన సందర్భాలున్నాయి. ఆర్టీసీ ప్రత్యేక బస్సులు వేసింది. బండి ఇంట్లోనో, దూరంగా ఉన్న మెట్రో స్టేషన్‌లోనో వదిలి వస్తే హెల్మెట్ ఎక్కడ దాచాలన్న బాధ కూడా ఉండదు. అయితే రైలు ఎక్కినంత మాత్రాన అయిపోదు. స్టేషన్ నుంచి గేటు దాకా నడిచే జనానికి దారి, వేళ, హద్దు ఉండాలి. 2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం బయట తొక్కిసలాటలో పదకొండు మంది చనిపోయారు. ఆ స్టేడియం నగరం నడిబొడ్డున, మెట్రో పక్కనే ఉంది. జనం ఒక్కసారే ఒకే చోటికి వస్తే ఎంత ప్రమాదమో దానికన్నా చెప్పాల్సిందేముంది?

మా కాలనీ మాత్రం తన చేతిలో ఉన్నది తను చేసింది. మ్యాచ్ రోజు మధ్యాహ్నం నుంచే వీధి మొదట్లో తాడు కడుతున్నాం. ఒక వైపే పార్కింగ్. రెండో వైపు అంబులెన్స్ పట్టేంత దారి వదలాలి. బండి పెట్టినవాళ్ళు చీటీ మీద ఫోన్ నంబరు రాసి అద్దానికి పెట్టాలి. మలుపులో ఒక అట్ట మీద పెద్ద అక్షరాలతో ఇలా రాసిపెట్టాం: ‘ఈ వీధిలో ఒక డయాలసిస్ పేషెంటు, ఇద్దరు గర్భిణులు, ఎనభై దాటిన వాళ్ళు అయిదుగురు ఉన్నారు. దయచేసి దారి వదలండి.’ ‘నో పార్కింగ్’ బోర్డుకి ఏనాడూ వినని జనం దీనికి వింటున్నారు! అందరూ కాదు. చాలామంది.

నాన్న డయాలసిస్‌కి కూడా దారి దొరికింది. అదే ఆస్పత్రిలో పొద్దుటి షిఫ్టులో మలక్‌పేట నుంచి వచ్చే ఒక పెద్దాయన ఉన్నాడు. మ్యాచ్ రోజుల్లో మాత్రం ఆయన సాయంత్రానికి మారి నాన్నకి పొద్దుటి మంచం ఇస్తున్నాడు. “అక్కడ టీవీ ఉంటది కదా, పడుకుని చూస్త” అన్నాడట. ఎవరి లెక్కలు వాళ్ళవి!

జమ్మి ఆకు

2024 అక్టోబరు 12న దసరా. అదే రోజు ఉప్పల్‌లో బంగ్లాదేశ్‌తో ట్వంటీ-20. పండగా, మ్యాచూ కలిసి వచ్చాయి. ఇంటికి రావాల్సిన చుట్టాల్ని మధ్యాహ్నం మూడింటికే వచ్చేయమని అమ్మ పొద్దున్నే ఫోన్లు చేసింది. శనివారం కాబట్టి నాన్నకి ఆస్పత్రి లేదు.

గేటు పక్కన స్టూలు మీద మంచినీళ్ళ కుండ పెట్టించడం నాన్నకి ఆ ఏప్రిల్ తర్వాత అలవాటైంది. లోపలికి నీళ్ళ సీసాలు రానివ్వరు కదా, పిల్లలు నడిచి నడిచి దప్పికతో పోతారని ఆయన బాధ. పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. వచ్చినవాళ్ళకి గ్లాసుతో ముంచి ఇస్తాడు. తనకి మాత్రం రోజుకి లీటరే! చూస్తూ ఉంటే నాకు గొంతు పట్టేసినట్టు ఉంటుంది. “నీకు తాగాలనిపించదా నాన్నా?” అని అడిగానొకసారి. “వాళ్ళు తాగుతుంటే జర సల్లగుంటది” అన్నాడు.

ఆ సాయంత్రం ఓ కుర్రాడు హెల్మెట్ పట్టుకుని వచ్చాడు. ఈసారి నీలం చొక్కా. ముఖం గుర్తుపట్టాను. బండి మెట్రో కింద అవతలెక్కడో పెట్టి నడిచొచ్చాడట. హెల్మెట్ అమ్మకిచ్చి, జేబులోంచి నలిగిపోయిన జమ్మి ఆకు తీసి నాన్న చేతిలో పెట్టి కాళ్ళకి దండం పెట్టాడు. “బంగారం అంకుల్” అన్నాడు. నాన్న లేచి అలాయ్ బలాయ్ తీసుకున్నాడు. ఇద్దరూ బండి సంగతి ఎత్తలేదు.

రాత్రి సంజూ శాంసన్ ఒకే ఓవర్లో అయిదు సిక్సర్లు కొట్టినప్పుడు మా డాబా మీదకి హోరు వరసగా అయిదుసార్లు వచ్చింది. కిందికి వచ్చి చూస్తే నాన్న టీవీ ముందు అయిదో దాని కోసం ఎదురుచూస్తున్నాడు. మనవాళ్ళు 297 కొట్టారు. పదకొండు దాటాక అరిచే హారన్లు అరిచాయి. పక్కింటి పసివాడు లేచి ఏడ్చాడు కూడా. అన్నీ మారిపోతాయని నేనేం చెప్పను. కానీ మా గేటు ముందు ఒక అంబులెన్స్ పట్టేంత చోటు మాత్రం ఖాళీగా ఉంది.

ఇప్పుడు ఏ కొత్త షెడ్యూలు వచ్చినా అమ్మ ముందు నీలం పెన్ను వెతుక్కుంటుంది. నేను పొద్దుటి షిఫ్టు కోసం మలక్‌పేట పెద్దాయనకి ఫోన్ చేస్తాను. నాన్న అడిగే మాట ఒక్కటే.

“కుండ కడిగిన్రా?”